మీకు తోచినంత ఇవ్వండమ్మా

ప్రియమైన పాఠకులకు,

పోయిన ఉత్తరంలో విరాళాల ఫోన్ల గురించి ఒక్క మాట అనేసి వదిలేశాను. దానికి మీరు రాసినన్ని జాబులు ఈమధ్య దేనికీ రాయలేదు. అందరి బాధా ఒకటే: ఇవ్వాలని లేదు, లేదనడానికి నోరు రాదు.

ఆ ఫోను సంగతి మీకు కొత్త కాదు. సరిగ్గా పోపులో ఆవాలు చిటపటలాడేవేళకి మోగుతుంది. మామూలు పది అంకెల నంబరే కదా, తెలిసినవాళ్లేమోనని ఎత్తుతాం. "అమ్మా, బాగున్నారా? ఫలానా ఫౌండేషన్ నుంచమ్మా. మా దగ్గర నలభైమంది పిల్లలున్నారు. ఈ వారం బియ్యానికి ఇబ్బందిగా ఉంది, ఒక్క మూట ఇప్పించండి." వద్దంటే అరమూట. అదీ వద్దంటే ఒక పూట భోజనం. చివరికి "మీకు తోచినంత". ఈ బేరం ఆ అమ్మాయి అప్పటికప్పుడు కల్పించింది కాదు, చాలాచోట్ల ముందే కాగితం మీద రాసి చేతికిస్తారు. ఆమె జీతానికి పనిచేసే టెలీకాలర్. రోజుకిన్ని కాల్స్, నెలకింత వసూలు అని టార్గెట్ ఉంటుంది. కాబట్టి ఆమె మీద అరవడం అన్యాయం. ఆమెకి వద్దని చెప్పినంత మాత్రాన ఆకలితో ఉన్న పిల్లవాడి నోటి దగ్గర కూడు లాగేసినట్టూ కాదు. ఈ రెండోది మనకి ఎంత చెప్పినా ఎక్కదు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చినవాళ్లందరికీ వండి వడ్డించిన డొక్కా సీతమ్మగారి కథ వింటూ పెరిగినవాళ్లం. అన్నం మాట ఎత్తితే కరిగిపోతాం. ఫోను చేసేవాళ్లకీ ఆ సంగతి బాగా తెలుసు.

మనల్ని ముంచేది జాలి కన్నా మొహమాటమే. "చూద్దాంలేమ్మా", "మావారు వచ్చాక చెప్తాను", "ఒకటో తారీకు తర్వాత చెయ్యి": మన దృష్టిలో ఇవన్నీ మర్యాదగా వద్దనడమే. అవతల మాత్రం మీ పేరు పక్కన "మళ్లీ చేయాలి" అని పడుతుంది. పీడ వదిలిపోతుందని రెండు వందలు పంపారా, ఇక ఇచ్చే చేయి అని గుర్తు పెట్టుకుంటారు. నేనైతే "మేమిచ్చే చోటు మాకుందమ్మా. నా నంబరు మీ లిస్టులోంచి తీసేయండి" అని పెట్టేస్తాను. కారణం చెప్పను. చెబితే దానికి వాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.

1909 గురించి చాలామంది అడిగారు. ఆ నంబరుకి ఫోన్ చేసో, "స్టార్ట్ 0" అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టో ప్రచార కాల్స్ ఆపించుకోవచ్చు. పెట్టుకోండి, నష్టం లేదు. కానీ అది ముఖ్యంగా సరుకులూ సేవలూ అమ్మేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. రిజిస్టరైన టెలీమార్కెటర్లు 140తో మొదలయ్యే నంబర్ల నుంచి చేయాలి. మనకొచ్చేవి మామూలు మొబైల్ నంబర్ల నుంచి, అవీ రోజుకొకటి. బ్లాక్ చేసుకుంటూ పోవడమే.

ఇక విరాళాలకి ఆదాయపు పన్ను రాయితీ అనే ఎర. "80జి ఉందమ్మా, యాభై శాతం మిగులుతుంది" అంటారు. మిగలదు. మీరు 5,000 ఇస్తే అందులో సగం, అంటే 2,500, మీ ఆదాయంలోంచి తీసి లెక్క కడతారు. 20 శాతం స్లాబులో ఉన్నవారికి దక్కేది 500, సెస్సుతో కలిపి 520. కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ లేదు. కుర్రాడు బండి మీద వచ్చి, కార్బన్ పెట్టిన రసీదు పుస్తకం తీసి నగదు పట్టుకెళ్తాడు చూడండి, 2,000 దాటి నగదుగా ఇస్తే పాత విధానంలోనూ రాయితీ రాదు. 2021-22 నుంచి సంస్థ దాతల వివరాలు పన్ను శాఖకి పంపి, 10బిఇ అనే సర్టిఫికెట్ దాతకివ్వాలి. "10బిఇ ఇస్తారా?" అని అడిగి చూడండి. సగం ఫోన్లు అక్కడే తెగిపోతాయి.

ముక్కులో గొట్టంతో ఉన్న పసివాడి ఫొటో, కింద క్యూఆర్ కోడ్: వాట్సాప్‌లో ఇది వచ్చినప్పుడు గట్టిగా ఉండటం కష్టం, నాకూ కష్టమే. ఏ ఆసుపత్రి అని అడగండి. వాళ్లిచ్చిన నంబరుకి కాకుండా ఆసుపత్రి నంబరు మీరే వెతికి చేయండి. ఆరోగ్యశ్రీ సంగతేమిటనీ అడగండి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షలు. అన్ని చికిత్సలకీ అది వర్తించదు కాబట్టి నిజంగా అవసరంలో ఉన్నవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు ఈ ప్రశ్నలకి విసుక్కోరు, కాగితాలు చూపిస్తారు.

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన జాబు మాత్రం నన్ను వదల్లేదు. వాళ్ల మామగారు పెన్షనర్. ఒక సంస్థ అమ్మాయి వారం వారం ఫోన్ చేసి "నాన్నగారూ, భోంచేశారా? మోకాలి నొప్పి తగ్గిందా?" అంటుందట. ఆయన అరగంట మాట్లాడి, వెయ్యో రెండువేలో పంపిస్తారట. కోడలు అడ్డుపడితే "నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారట. ఈ ఇంట్లో బ్లాక్ చేసి లాభం లేదు. అలాంటి పెద్దవాళ్లుంటే ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. ఈ ఏడాది ఎంత ఇద్దాం, ఎవరికిద్దాం అని వాళ్లనే అడగండి. చదివిన బడికా, ఊళ్లో వృద్ధాశ్రమానికా, పనిమనిషి కూతురి కాలేజీ ఫీజుకా? పేరు వాళ్లే చెప్పాలి, డబ్బు వాళ్ల చేత్తోనే వెళ్లాలి. "నాన్నగారూ" అన్న ఫోను మళ్లీ వస్తే మాట్లాడనివ్వండి, తప్పేం లేదు. "ఈ ఏటికి ఇచ్చేశానమ్మా" అనడానికి ఆయన దగ్గర ఒక మాట ఉంటుంది.

ఆ సాయంత్రం వాళ్ల పక్క నుంచి లేచే ముందు వాళ్ల ఫోన్లో యూపీఐ యాప్ తెరిచి ఆటోపే చూడండి. నెలనెలా కట్టేలా ఒక్కసారి ఒప్పుకుంటే చాలు, 15,000 లోపు మొత్తానికి మళ్లీ పిన్ అడగదు. ముందురోజు వచ్చే మెసేజ్ పెద్దవాళ్లు చదవరు. అక్కర్లేనిది అక్కడే రద్దు చేయొచ్చు.

ఉంటాను,
మీ
సంపాదకురాలు