గింజలతో నేర్పిన కెమిస్ట్రీ

పిల్లలు టెన్త్ దాటగానే వాళ్ళ పుస్తకాలు మనకి అందవులే అని చాలామంది తల్లులు పక్కకి తప్పుకుంటారు. కెమిస్ట్రీ అయితే మరీ భయం! కానీ అందులో ఒక పాఠం మాత్రం మన వంటింటి డబ్బాల్లో ఉన్న గింజలతోనే చెప్పొచ్చండీ. అదే ఎలక్ట్రాన్ చుక్కల నిర్మాణాలు గీయడం.

నా పుట్టిల్లు దివిసీమ, మెట్టినిల్లు గుడివాడ. ఇంటర్ బైపీసీతో నా చదువు ఆగిపోయింది. బందరులో ఉండే మా ఆడపడుచు కూతురు మా ఇంట్లో ఉండి జూనియర్ ఇంటర్ చదువుతోంది. ఆ మధ్య స్లిప్ టెస్టులో ఈ బొమ్మలు వెయ్యలేక సున్నా తెచ్చుకుంది. రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు. "దానికి చదువు అబ్బకపోతే ఇంటికి తీసుకొచ్చేసుకుంటాం వదినా" అని ఆడపడుచు ఫోను. ఒకసారి ఆగిన చదువు మళ్ళీ మొదలవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఆ సాయంత్రం పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"అత్తయ్యా, నీకివి వచ్చా?" అంది అనుమానంగా.

"లెక్కపెట్టడం వచ్చుగా, చాలు" అన్నాను.

ముందు అసలు సంగతి చూడండి. పరమాణువుకి అన్నిటికన్నా బయటి వరసలో ఉండే ఎలక్ట్రాన్లనే చుక్కలుగా పెడతారు. ఈ పద్ధతి చెప్పినాయన గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ అనే అమెరికా శాస్త్రవేత్త, 1916లో. హైడ్రోజన్‌కి 1, కార్బన్‌కి 4, నైట్రోజన్‌కి 5, ఆక్సిజన్‌కి 6. ఈ నాలుగు అంకెలూ నోటికొస్తే సగం పాఠం వచ్చినట్టే. హైడ్రోజన్ చుట్టూ 2, మిగతా మూడింటి చుట్టూ 8 చుక్కలు కుదరాలి. ఎవరికీ సొంతంగా అన్ని లేవు కాబట్టి పక్కవాళ్ళతో పంచుకుంటాయి. ఆ పంచుకున్న జంటే బంధం.

ఒక పెద్ద కాగితం పరిచి కార్బన్ ఎలక్ట్రాన్లకి పెసలు, హైడ్రోజన్‌కి కందులు, ఆక్సిజన్‌కి శనగలు అనుకున్నాం. మొదట మీథేన్. గోబర్ గ్యాస్‌లో మండేది ఇదే. నీళ్ళు నిలిచిన మన వరిచేల బురదలోంచి పైకొచ్చేదీ ఇదే. మధ్యలో కార్బన్, నాలుగు వైపులా హైడ్రోజన్లు. 4 పెసలు, 4 కందులు, మొత్తం 8. ప్రతి హైడ్రోజన్ దగ్గరా ఒక పెసర, ఒక కంది జంటగా పెట్టింది. కార్బన్‌కి 8 కుదిరాయి, హైడ్రోజన్లకి రెండేసి కుదిరాయి. "ఇంతేనా?" అంది.

తర్వాత ఇథిలీన్. కార్బన్లు 2, హైడ్రోజన్లు 4, మొత్తం 12 గింజలు. ఒక్కో బంధానికి ఒక్కో జంట పెడితే 10 అయిపోయి 2 పెసలు మిగిలాయి. పిల్ల ఎప్పుడూ చిక్కుకునేది ఇక్కడే. ఆ రెంటినీ ఒక కార్బన్ మీద పెడితే రెండోదానికి 6 మాత్రమే ఉంటాయి. రెండు కార్బన్ల మధ్యకి జరిపితే ఇద్దరికీ 8! అదే ద్విబంధం. అసిటిలీన్‌లో హైడ్రోజన్లు రెండే, గింజలు 10. అక్కడ కార్బన్ల మధ్య మూడు జంటలు వస్తాయి, త్రిబంధం.

ఈ రెండూ మనకి తెలిసినవేనండీ. మామిడికాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేది ఇథిలీన్. కార్బైడ్ రాయికి తడి తగిలితే వచ్చేది అసిటిలీన్. కార్బైడ్‌లో ఆర్సెనిక్ లాంటి విషాలు కలిసి ఉండొచ్చు కాబట్టే దానితో పళ్ళు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం.

ఇక మిథైల్ ఆల్కహాల్. కార్బన్ 4, హైడ్రోజన్లు 4, ఆక్సిజన్ 6, మొత్తం 14. అయిదు బంధాలకి 10 పోగా మిగిలిన 4 ఆక్సిజన్ మీదే రెండు జంటలుగా కూర్చుంటాయి. వీటిని ఒంటరి జంటలంటారు. పిల్లలు తరచూ వదిలేసేవి ఇవే. అందుకే బొమ్మ అయ్యాక చుక్కలన్నీ మళ్ళీ లెక్కపెట్టించండి. మొదటి లెక్కతో సరిపోవాలి. ఒకటి తగ్గకూడదు, ఒకటి పెరగకూడదు.

మన ముగ్గులో చుక్కల చోటు ముందే ఖాయం, గీతే తిరుగుతుంది. ఇక్కడ చుక్కల లెక్క ఖాయం, చోటు మనం వెతకాలి. గింజలైతే ఎన్నిసార్లయినా జరపొచ్చు, చెరిపిన మచ్చ ఉండదు. పిల్లకి భయం పోయింది అక్కడే. వారం తర్వాత టెస్టులో పదికి ఎనిమిది వచ్చాయి. వాళ్ళమ్మకి తనే ఫోన్ చేసి చెప్పుకుంది. ఇంటికి తీసుకెళ్ళే మాట మళ్ళీ రాలేదు.

మీ ఇంట్లోనూ ఇంటర్ పిల్లలుంటే ఒకసారి ప్రయత్నించండి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం ఇవ్వండి. కార్బన్లు 2, హైడ్రోజన్లు 4, ఆక్సిజన్లు 2. మొత్తం 24 రావాలి. అందులో ఒక ద్విబంధం ఉంటుంది, ఒంటరి జంటలు నాలుగుంటాయి. పాఠం అయ్యాక గింజలు ఏరి విడివిడిగా డబ్బాల్లో పోసే పని మాత్రం పిల్లలదే సుమా!