రెండు నాణేల బాకీ

ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున వెలసిన బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అనే జాలరి స్త్రీ వల్ల వచ్చిందని స్థానికుల విశ్వాసం. పేరు నదిది, బ్రతుకు మాత్రం రైలుది. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో బెంగాల్-నాగపూర్ రైల్వే ఇక్కడ పట్టాలు పరచింది. హౌరా-నాగపూర్ ప్రధాన మార్గం నుంచి కట్నీ వైపు మార్గం చీలేది ఇక్కడే. 2003లో ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. వాల్తేరు మార్గం కూడా ఒకప్పుడు ఆ పాత కంపెనీ చేతిలోనే ఉండడం వలన ఉత్తరాంధ్ర కుటుంబాలు అనేకం ఉద్యోగాలకై ఇటు తరలివచ్చాయి. రైల్వే కాలనీలలో తెలుగు పలుకు నేటికీ వినవస్తుంది.

జంక్షన్ అంటే బండి మారే చోటు. అక్కడ ఎదురైన మనిషి మళ్ళీ కనిపిస్తాడన్న నమ్మకం లేదు. అట్టి మనిషికి మనం పడిన బాకీ ఏమిటి?

ఈ ప్రశ్నను బిలాస్‌పూర్ పేరుతో ముడివేసినవాడు రవీంద్రనాథ్ ఠాగూర్. 1918లో వెలువడిన ‘పలాతకా’ సంపుటిలో ‘ఫాంకి’ అనే కవిత ఉంది. జబ్బుపడిన భార్య బినును గాలి మార్పు కోసం తీసుకుపోతున్న భర్త బండి మారడానికి బిలాస్‌పూర్‌లో ఆరు గంటలు ఆగవలసివస్తుంది. అక్కడ పరిచయమైన రుక్మిణి అనే కూలీవాని భార్యకు, ఆమె కూతురి పెండ్లి నిమిత్తం, 25 రూపాయలు ఇమ్మని బిను అడుగుతుంది. భర్త సరేనంటాడు. చాటుకు పిలిచి, రుక్మిణిని గద్దించి, రెండు రూపాయలతో సాగనంపుతాడు. మోసం తెలియని బిను భర్తను మెచ్చుకుంటూనే కన్ను మూస్తుంది. అతడు బాకీ తీర్చడానికి తిరిగి వచ్చేసరికి రుక్మిణి ఎక్కడికి పోయిందో చెప్పేవారే లేరు.

క్రైస్తవులు పసితనం నుంచి వినే కథలోనూ రెండు నాణేలున్నాయి. యెరికో దారిలో దొంగలు కొట్టి పడవేసిన బాటసారిని ఒక సమరయుడు పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇస్తాడు. రెండు కథలలోనూ దారి ఉంది, అపరిచితుడు ఉన్నాడు, చెల్లింపు ఉంది. ఒకచోట ఆ రెండు నాణేలు తప్పించుకోవడానికి. మరొకచోట అవి బాధ్యతకు బయానా.

ఈ ప్రాంతంలో క్రైస్తవ విశ్వాసాన్ని ఈ కొలతతోనే కొలవడం న్యాయం. 1885లో అమెరికాలోని ‘డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్’ సంఘానికి చెందిన స్త్రీలు బిలాస్‌పూర్‌లో పని ఆరంభించారు. వారిని పంపిన మహిళా మండలి 1874లో ఏర్పడింది. అందులో సభ్యత్వపు చందా నెలకు 10 సెంట్లు మాత్రమే. ఈ ఊరిని ఎన్నడూ చూడని గృహిణులు ఇంటి ఖర్చులో మిగిల్చిన చిల్లర ఇక్కడ బాలికల చదువుగా మారింది. బర్జెస్ స్మారక పాఠశాల ఆ మండలికి అధ్యక్షురాలిగా పనిచేసిన ఒక మహిళ పేరు మోస్తున్నది.

పడమటనున్న ముంగేలీలో డాక్టర్ విక్టర్ రాంబో 1920లలో ఆసుపత్రి బాధ్యత స్వీకరించి, కంటి శుక్లాలు తీయడమే జీవితవ్రతంగా పెట్టుకున్నాడు. చూపులేనివారు ఆసుపత్రికి రాలేరని గ్రహించి, శస్త్రచికిత్సనే పల్లెలకు తీసుకుపోయాడు. తూర్పున చాంపాలో మెనొనైట్ మిషనరీ పెన్నర్ 1902లో కుష్ఠురోగులకు ఆశ్రయం కల్పించాడు. ఆ వ్యాధికి నమ్మదగిన మందు 1940లలో గాని రాలేదు. అందాకా దాదాపు నాలుగు దశాబ్దాలపాటు అక్కడి వారు చేయగలిగింది పుండ్లు కడగడం, కట్టుకట్టడం, అన్నం పెట్టడం, ఇల్లు వెళ్ళగొట్టినవారిని పేరుపెట్టి పిలవడం. నయంచేయలేమని తెలిసీ మరునాడు మళ్ళీ అదే పనికి పూనుకోవడంలో విశ్వాసపు అసలు రూపం కనిపిస్తుంది.

ఈ సేవ వెనుక మతమార్పిడి ఆశ ఉన్నదన్న ఆక్షేపణ పాతదే, నేటికీ సమసిపోలేదు. దానిని తేలికగా త్రోసిపుచ్చరాదు. ఎవరికైనా అన్నం పెట్టి ప్రతిఫలంగా అతని మనసును అడిగితే అది బేరమే అవుతుంది. అయితే ఆ ఆక్షేపణకు జవాబు ఆ కథలోనే ఉంది. సమరయుడు గాయపడినవానిని నీ కులమేది, మతమేది అని అడగలేదు. కోలుకున్న తరువాత తనను అనుసరించమని షరతు పెట్టలేదు. క్రైస్తవుడు తన సేవను నిత్యం ఆ గీటురాయిపై పరీక్షించుకోవలసి ఉంటుంది.

ఆసుపత్రి స్థాపించే అవకాశం అందరికీ రాదు. రైల్వే ఊరిలో విశ్వాసికి దక్కేవి చిన్న పనులే: టికెట్టు కిటికీ దగ్గర చదువురానివాని చిల్లర సరిగా లెక్కించి ఇవ్వడం, రాత్రి పాళీలో రోగి మూలుగుకు లేచి వెళ్ళడం, మూట మోసినవానికి ఒప్పుకున్న కూలి తగ్గించకుండా ఇవ్వడం. ఆదివారం ప్రార్థనలో పలికిన మాటకు సోమవారం వచ్చే పరీక్ష ఇదే.

ఠాగూర్ కథలోని భర్త చెడ్డవాడు కాడు, ఆలస్యంగా మేల్కొన్నవాడు. బిలాస్‌పూర్‌లో ఇప్పటికీ బండ్లు ఆగుతాయి, మనుషులు దిగి మారి వెళ్ళిపోతారు. వారికి ఇవ్వవలసినది ఏదైనా ఉంటే బండి కదలకముందే ఇవ్వాలి.