ఆఖరి మ్యాచ్ అని ఎవరూ చెప్పలేదు

బేస్‌బాల్‌లో మామూలుగా డ్రా ఉండదు. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాక స్కోర్లు సమానమైతే, ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడుతూనే ఉండాలి. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే అదొక లూప్. దానికి టైమౌట్‌లాగా ఆ లీగ్‌లో ఒక రూల్ ఉండేది: రాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదు.

1981 ఏప్రిల్ 18న, అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో పాటకెట్ అనే చిన్న ఊళ్లో, అంపైర్ల దగ్గరున్న రూల్స్ కాపీలో ఆ పేరా లేదు. ఇంకేముంది, ఆట ఆగలేదు. చలికి ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు తగలబెట్టి చేతులు కాచుకున్నారు. తెల్లవారుజామున నాలుగు దాటాక, 32 ఇన్నింగ్స్ అయ్యాక, లీగ్ ప్రెసిడెంట్ ఫోన్‌లో దొరికితే ఆపారు. అప్పటికి గ్యాలరీలో మిగిలింది 19 మంది. జూన్ 23న మళ్లీ మొదలుపెడితే 18 నిమిషాల్లో తేలిపోయింది. 33 ఇన్నింగ్స్! ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇప్పటికీ అదే రికార్డు.

ఆ మ్యాచ్ జరిగిన మెకాయ్ స్టేడియం 1942లో తెరిచారు. సుమారు పదివేల మంది పడతారు. 1973 నుంచి అక్కడి పాటకెట్ రెడ్ సాక్స్, బోస్టన్ పెద్ద టీమ్‌కి ఒక్క మెట్టు కింద ఉండే టీమ్. ఆటగాళ్లు కూర్చునే చోటు సరిగ్గా గ్యాలరీ కింద ఉండేది. అందుకే పిల్లలు ప్లాస్టిక్ పాల డబ్బా కోసి, అందులో బాల్, పెన్ను పెట్టి తాడుతో కిందికి దించేవాళ్లు. మన అపార్ట్‌మెంట్లలో కూరగాయల బండికి పైనుంచి బుట్ట దించినట్టే. సంతకం పెట్టిన బాల్ పైకొచ్చేది.

నేను ఉద్యోగానికి ఇటు వచ్చేసరికి టీమ్ లేదు. ఇదంతా మా ఆఫీసులో ఒక సీనియర్ చెప్పిందే, ఆయనా చిన్నప్పుడు డబ్బా దించినవాడే.

1977లో దివాలా తీసిన ఆ టీమ్‌ని కొని నిలబెట్టింది బెన్ మోండర్ అనే వ్యాపారి. ఆయన 2010లో పోయారు. 2015లో టీమ్ కొత్త ఓనర్ల చేతికి వెళ్లింది. 2018లో వాళ్లు పక్క రాష్ట్రంలోని వూస్టర్‌కి మారిపోతున్నామని ప్రకటించారు. 2020 సీజన్ వీడ్కోలు అవ్వాల్సింది, కోవిడ్‌తో అదీ రద్దయింది. అంటే 2019లోనే ఆఖరి మ్యాచ్ అయిపోయింది, చూస్తున్నవాళ్లకే తెలియదు. "తెలిసుంటే మా అబ్బాయిని తీసుకెళ్లేవాణ్ణి కదా" అంటాడు మా సీనియర్.

2025లో స్టేడియం కూల్చేశారు. ఆ స్థలంలో హైస్కూల్ వస్తోంది. ఖాళీగా పాడుబడేకన్నా అదే నయం, ఆ విషయంలో నాకు కోపం లేదు. నన్ను గుచ్చేది వేరే. టీమ్ తమదేనని ఊరు అనుకుంటుంది, కాగితాల మీద మాత్రం ఓనర్‌ది. దాదాపు యాభై ఏళ్ల ప్రేమకి ఆ కాగితంలో ఒక్క లైను కూడా ఉండదు.

అందుకే ఈసారి మీ ఊరి గ్రౌండ్‌లో ఏదైనా చిన్న టోర్నమెంట్ జరుగుతుంటే, రీల్స్ కాసేపు పక్కనపెట్టి వెళ్లి కూర్చోండి. ఆ 19 మంది కూడా రికార్డు కోసం వచ్చినవాళ్లు కాదు. ఆట అవ్వలేదని కూర్చున్నారు, అంతే.