తిరుగు బస్సు

నదీతీర సంచారం చిత్తశుద్ధికి ఉత్తమ సాధనమని మన పూర్వులు భావించారు. తీర్థమనే పదానికే నీటిలో దిగి దాటడానికి అనువైన రేవు అని అర్థం. ఈ విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఆ సంచారమే ఒక్కొక్కప్పుడు పలాయనానికి కప్పిన కాషాయవస్త్రం కాగలదని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ అనుభవాన్ని సాధక మిత్రులకు నివేదించుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2022లో ఉద్యోగ విరమణ చేసిన నాటి నుండి ప్రతి ఆదివారం ప్రభాతవేళ ఒంగోలు బస్‌స్టాండులో పల్లెవెలుగు బస్సు ఎక్కడం నాకు నియమమైంది. గమ్యం ఎప్పుడూ గుండ్లకమ్మ తీరమే. నల్లమల అడవులలో జనించి, కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా ప్రవహించి, అద్దంకిని ఆనుకొని సాగి, బంగాళాఖాతంలో లీనమయ్యే ఈ నదికి సంస్కృతంలో బ్రహ్మకుండి అని పేరు. గోదావరీ కృష్ణల వలె ఇది జీవనది కాదు. వర్షాకాలంలో పరవళ్లు తొక్కుతుంది; వేసవికి ఇసుకగా మిగులుతుంది. అందుచేతనే కాబోలు, వైరాగ్యం కోరేవారికి ఇది మంచి ఆచార్యుడనిపించేది.

బస్సు దిగిన చోటు నుండి రెండు మూడు గంటలు నడిచేవాడిని. ఒకవైపు నల్లరేగడి మీద మిరప, పత్తి, శనగ, పొగాకు చేలు. మరొకవైపు సర్కారు తుమ్మ పొదల మధ్య ఏటి ఇసుక. ఒకసారి దూరాభారమైనా కంభం వెళ్లాను. రెండు కొండల నడుమ ఇరుకైన సందును మూసివేస్తూ సుమారు 57 అడుగుల ఎత్తున నిలిచిన ఆ చెరువు కట్ట మీద నిలబడి, కొన్ని శతాబ్దాలుగా ఆ జలరాశి చలించకుండా ఉన్న తీరును మనోనిగ్రహానికి ఉపమానంగా పుస్తకంలో రాసుకున్నాను. నాకు అన్నీ ఉపమానాలే. ఎండిన ఏరు వైరాగ్యం, నిండిన ఏరు భక్తి, ఇసుక కింద దాగిన నీరు అంతర్వాహిని అయిన ఆత్మ.

ఇంట్లో మా నాన్నగారు ఉన్నారు. వయస్సు ఎనభైయారు. అద్దంకికి ఎగువన గుండ్లకమ్మ ఒడ్డున సేద్యం చేసి మమ్మల్ని పెంచిన మనిషి. మూత్రపిండాల వ్యాధి వల్ల పాదాలు, ముఖం వాచి, కొన్నేళ్లుగా మంచం దిగి నడవలేని స్థితి. తాగే నీటిని సైతం వైద్యులు కొలత పెట్టి నియంత్రించారు. ఆయన సేవ అంతా నా సహధర్మచారిణి భుజాల మీదనే ఉండేది. ఆదివారాలు నేను నదికి, ఆమె ఆయన పక్కకు. ఈ విభజనలో అధర్మం ఉన్నదని నాకు తోచలేదు. సాధనకు వారానికొక దినం కేటాయించుకోవడం తప్పు కాదు కదా అని సమాధానం చెప్పుకునేవాడిని.

సాయంకాలం ఇల్లు చేరగానే నాన్నగారు ఒక్కటే ప్రశ్న అడిగేవారు: "ఏట్లో నీళ్లు పారతన్నాయిరా?" ఉన్నాయనో లేవనో చెప్పి లోపలికి వెళ్లిపోయేవాడిని. 2023 డిసెంబరులో మల్లవరం వద్ద గుండ్లకమ్మ జలాశయం గేటు ఒకటి కొట్టుకుపోయి నీరంతా సముద్రం పాలైంది. అంతకు ముందు సంవత్సరం కూడా అట్లాగే జరిగింది. ఆ వార్త విని నేను సంచితమైనదేదీ శాశ్వతం కాదని ఒక పుట నింపాను. నాన్నగారు మాత్రం గోడ వైపు తిరిగి, "ఎన్ని ఎకరాల తడిరా అదీ!" అన్నారు. ఆ మాటలోని దుఃఖాన్ని ఆనాడు నేను మమకారమని తేలికగా కొట్టివేశాను.

తరువాతి మాఘమాసంలో ఒక ఆదివారం అద్దంకి ఎగువన నడుస్తూ ప్రొద్దు పోనిచ్చాను. ఆఖరి బస్సుకు సమయం ఉన్నా, తెలిసే వదిలేశాను. ఇంటికి ఫోను చేసి బస్సు అందలేదని అసత్యమాడి, ఒక ఆలయ మండపంలో పడుకున్నాను. ఆ రాత్రి నక్షత్రాల కింద నాకు కలిగిన ప్రశాంతత అపూర్వం. తెల్లవారి ఇల్లు చేరేసరికి నా భార్య కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాన్నగారు అర్ధరాత్రి లేవబోయి మంచం పక్కన పడిపోయారు. పొరుగింటి వారు వచ్చేవరకు ఆమె ఒక్కతే ఆయన తలను ఒడిలో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఎముకలు విరగలేదు. అది దైవానుగ్రహం.

నాన్నగారు నిందించలేదు. నన్ను చూసి, "చెలమల్లో ఎంత లోతున పడతన్నాయిరా నీళ్లు?" అని అడిగారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ముందురోజంతా ఆ ఇసుక మీదనే నడిచాను. అంతర్వాహినిని గురించి ధ్యానించాను. కానీ ఒక్క చెలమ వైపు కూడా తొంగిచూడలేదు.

ఆ రాత్రి నిద్ర రాక ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రోపాఖ్యానం తెరిచాను. సంచార మహిమను చాటే ఉపదేశంగా దానిని నేను అనేక పర్యాయాలు మిత్రులకు వినిపించాను. ఈసారి కథ మొదటినుండి చదివాను. సంతానం లేని హరిశ్చంద్రుడు పుట్టిన కుమారుని నీకే అర్పిస్తానని వరుణునికి మాట ఇచ్చాడు. రోహితుడు పుట్టాక గడువు మీద గడువు కోరాడు. పెరిగి పెద్దవాడైన రోహితుడు సంగతి తెలిసి విల్లు ధరించి అడవికి వెళ్లిపోయాడు. వరుణుడు తండ్రిని పట్టగా ఆయనకు ఉదరంలో నీరు చేరింది. ఆ వార్త విని కొడుకు గ్రామానికి తిరిగి వస్తుంటే ఇంద్రుడు మారురూపంలో ఎదురై, సంచరించమని బోధించి వెనక్కు పంపాడు. ఒకసారి కాదు, ఏటేటా ఐదు పర్యాయాలు.

ఉపదేశం సత్యమే. కానీ దానిని వింటున్నవాడు ఎవరు? తండ్రి దేహం నీటితో ఉబ్బుతుండగా అరణ్యంలో తిరుగుతున్న కుమారుడు. రోహితునికి ప్రాణభయమైనా ఉంది. నాకేముంది? వాచిన పాదాలను చూడలేని అసహనం, ఆ మంచం వద్ద ఒకనాడు నేనూ పడుకుంటానన్న భీతి. వాటికే సాధన అని పేరు పెట్టుకున్నాను.

ఒంగోలుకు సమీపంలో నాగులుప్పలపాడు మండలంలోని చదలవాడకు ఎఱ్ఱాప్రగడ నివాసస్థానమని ప్రసిద్ధి. ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుండి పాలించిన కాలంలో ఆయన ఆస్థానకవి, శంభుదాసుడు. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని పూరించాడు. ధర్మవ్యాధుని కథ ఆ శేషభాగంలోనిదే. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వేదాధ్యయనానికి వెళ్లిన కౌశికునికి, మాంసవిక్రయం చేసే ధర్మవ్యాధుడు తన వృద్ధ జననీజనకులను చూపి, వీరే నా ప్రత్యక్ష దైవాలని చెబుతాడు. ఇంటికి వెళ్లి, నీకోసం శోకించి అంధులైన వారిని సేవించమంటాడు. చదలవాడకు నేను రెండుసార్లు నడిచి వెళ్లాను. ఆ కథ మాత్రం నాకు గుర్తు రాలేదు.

మరుసటి ఆదివారం వెళ్లవద్దనుకున్నాను. నాన్నగారే, "పోయి చూసిరా" అన్నారు. మొదటి బస్సుకు వెళ్లాను. ఏటిలో మిరపకోతకు వచ్చిన ఒక వృద్ధురాలు బిందె పక్కన పెట్టుకుని చేతులతో ఇసుక తోడుతున్నది. ఎంత లోతున పడుతున్నాయమ్మా అని అడిగాను. ఆమె చెయ్యి పైకెత్తి తడిసినంత మేర చూపింది. "మోచెయ్యి మునగకముందే ఊరతన్నాయి నాయనా. ఏరు యాడికీ పోలా, కిందనే ఉంది." నేను పుటలకొద్దీ రాసిన దానిని ఆమె చేతితో తాకి చెప్పింది. కూర్చుని నేనూ తోడాను. మొదట బురద వచ్చింది. ఓపికగా పక్కకు తీసిపోయగా తేట నీరు నిలిచింది.

మధ్యాహ్నానికే తిరుగు బస్సు ఎక్కాను. ఇంటికి వచ్చి మోచేతి లోతు అని చెప్పగానే నాన్నగారి ముఖంలో ఏదో సడలింది. "అయితే ఎండాకాలం గట్టెక్కుద్ది" అన్నారు. సీసాలో తెచ్చిన నీటిని చేతిలో పోశాను. తాగడానికి అనుమతి లేదు. కళ్లకద్దుకున్నారు. తరువాత ఆయన పాదాలు ఒత్తడానికి కూర్చున్నాను. వేలు నొక్కిన చోట గుంట పడి, చాలాసేపటికి గాని పూడలేదు. ఇంతకాలం చూడలేనని తప్పించుకున్నది దీనినే.

ఆయన వ్యాధి తగ్గలేదు. తగ్గుతుందని వైద్యులు చెప్పనూ లేదు. నేను ఇప్పటికీ నడుస్తాను, అయితే ఒక ఆదివారం నేను, మరొక ఆదివారం నా భార్య తన పుట్టింటికో గుడికో వెళుతుంది. గృహస్థుని సంచారానికి తిరుగు బస్సు బంధం కాదు, అదే నియమం. వెళ్లే బస్సులో కిటికీ పక్క సీటు కోసం ఇప్పుడు వెతకను. ఎన్ని గంటలకు తిరిగి వస్తుందో కండక్టరును అడిగి, ఆ తరువాతనే టికెట్టు తీసుకుంటాను.

శ్రీకృష్ణార్పణమస్తు.