‘లాస్ట్’లో వాళ్లంతా ముందే చచ్చిపోయారా?

ముందే చెప్తున్నా, ఇందులో స్పాయిలర్లు ఉన్నాయి. 2010లో అయిపోయిన సిరీస్‌కి ఇప్పుడు వార్నింగేంటని నవ్వకండి. ‘లాస్ట్’ ఈ వీకెండే మొదలుపెడదాం అనుకుంటున్నవాళ్లు మీలో కూడా ఉండొచ్చు. వాళ్లు ఇక్కడే ఆగి, చూసొచ్చి చదువుకోవచ్చు. ఎంత, ఆరు సీజన్లే కదా!

చూసినవాళ్లతో, చూడకుండానే కథ విన్నవాళ్లతో నాకో పేచీ ఉంది. ఆఫీసు క్యాంటీన్‌లో గానీ, పెళ్లి భోజనాల దగ్గర గానీ ఆ సిరీస్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా అంటారు: “ఆ, అదా! చివరికి వాళ్లంతా విమానం కూలినప్పుడే చచ్చిపోయారట కదా?”

లేదండీ. చచ్చిపోలేదు. ఒక టీవీ సిరీస్ గురించి ఇంత పట్టుదల ఎందుకని మీకనిపిస్తే, కొంచెం ఓపిక పట్టండి. అక్కడికే వస్తున్నా.

ఆరు రోజుల ఆట

‘లాస్ట్’ 2004 సెప్టెంబర్ 22న అమెరికాలో ఏబీసీ చానెల్లో మొదలైంది. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలెస్ వెళ్తున్న ఓషియానిక్ 815 విమానం ఒక దీవిలో కూలిపోతుంది. బతికినవాళ్లు సాయం కోసం ఎదురుచూస్తారు. సాయం రాదు. ఇంతవరకూ మామూలు కథే. కానీ మొదటి రాత్రే అడవిలో చెట్లు విరుచుకుంటూ ఏదో తిరుగుతుంది. ఎండ మండే దీవిలో ధ్రువపు ఎలుగుబంటి ఎదురొస్తుంది. పదహారేళ్లుగా ఆగకుండా తిరుగుతున్న ఒక ఫ్రెంచ్ ఆవిడ రేడియో సందేశం వినిపిస్తుంది. చక్రాల కుర్చీలో విమానం ఎక్కినాయన ఇక్కడ లేచి నడుస్తుంటాడు.

అప్పట్లో వారానికి ఒక్క ఎపిసోడే. మధ్యలో ఆరు రోజుల ఖాళీ. ఆ ఖాళీలోనే ఫ్యాన్స్ థియరీలు పుట్టాయి. చూసినవాళ్లు ఊరికే చూడలేదు, దర్యాప్తు చేశారు.

రెండో సీజన్లో ఒక తలుపు మీద అల్ట్రావయొలెట్ వెలుగులో కొన్ని సెకన్ల పాటు ఒక మ్యాప్ కనిపిస్తుంది. ఫ్యాన్స్ వీడియో ఆపి, ఒక్కో అక్షరం చదివి, అందులోని లాటిన్ మాటలకి అర్థాలు వెతికి, మ్యాప్ మొత్తం మళ్లీ గీశారు. మూడో సీజన్ చివర జాక్ ఒక అంత్యక్రియల హాలుకి వెళ్తాడు. ఆ హాలు పేరులోని ఇంగ్లిష్ అక్షరాలు అటూ ఇటూ మార్చి పేరిస్తే ‘ఫ్లాష్ ఫార్వర్డ్’ అని వస్తుంది. మనం గతం అనుకుంటూ చూసిన సీన్లు నిజానికి భవిష్యత్తు అన్నది ఆ ఎపిసోడ్ అసలు ట్విస్టు. సమాధానం బోర్డు మీదే రాసి పెట్టారన్నమాట.

ఇక నంబర్లు: 4, 8, 15, 16, 23, 42. కలిపితే 108. నేలమాళిగలో ఉన్న కంప్యూటర్లో సరిగ్గా 108 నిమిషాలకోసారి ఈ నంబర్లే కొట్టాలి. కథలో హర్లీ వీటితో లాటరీ గెలుస్తాడు. 2011 జనవరిలో నిజం అమెరికా లాటరీలో వీటిలో నాలుగు నంబర్లు వచ్చాయి. సరదాగా ఈ నంబర్లే కట్టిన వేలమందికి చిన్న చిన్న బహుమతులు దక్కాయి. సిరీస్ అయిపోయాక కూడా నంబర్లు వదల్లేదు!

ఒక ఎపిసోడ్‌లో ఫ్లాన్ ఓబ్రయన్ రాసిన ‘ద థర్డ్ పోలీస్‌మన్’ అనే నవల ఒక్క క్షణం కనిపించింది. 1967లో అచ్చయిన ఆ పుస్తకం అమ్మకాలు అమాంతం పెరిగాయి. జనం కొన్నది క్లూ కోసం. ఆ నవలలో కథ చెప్పేవాడు తను చచ్చిపోయిన సంగతి తనకే తెలియకుండా తిరుగుతుంటాడు. (ఆ నవలకి కూడా స్పాయిలర్ ఇచ్చేశా, ఏమనుకోకండి.) ఇంకేముంది, ‘అందరూ చచ్చిపోయారు’ థియరీకి పెద్ద సాక్ష్యం దొరికినట్టే అయింది.

రికార్డ్ బుక్ చివరి పేజీ

మేం ‘లాస్ట్’ చూసింది 2016లో, ఇంజినీరింగ్ హాస్టల్లో. ఒక రూమ్, నలుగురు అమ్మాయిలం, ఒక లాప్‌టాప్. బయట రాష్ట్రమంతా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని తల బద్దలు కొట్టుకుంటున్న రోజులవి. మొదటి భాగం 2015 జులైలో వస్తే, సమాధానం 2017 ఏప్రిల్ దాకా రాలేదు. కాబట్టి థియరీలు మాకేం కొత్త కాదు.

మాకు రెండే రూల్స్. మెస్‌లో భోజనం అయ్యాక రోజుకి ఒక్క ఎపిసోడ్. తర్వాతిది చూసే ముందు ఎవరి థియరీ వాళ్లు రికార్డ్ బుక్ చివరి పేజీలో తేదీ వేసి రాయాలి. ‘నేను ముందే చెప్పా’ అని తర్వాత ఎవరూ మాట మార్చకుండా. తప్పయితే మిగతా ముగ్గురికీ మిర్చి బజ్జీలు.

సివిల్ బ్రాంచ్ అమ్మాయి ఒకతి మా అందరిలో పెద్ద డిటెక్టివ్. మొదటి సీజన్లో గుహలో రెండు అస్థిపంజరాలు దొరుకుతాయి, పక్కన ఒక నల్లరాయి, ఒక తెల్లరాయి. సిరీస్‌లో వాటిని ఆడమ్, ఈవ్ అని పిలుస్తారు. అవి రోజ్, బెర్నార్డ్ దంపతులవే అని మా డిటెక్టివ్ తేల్చేసింది. కథ కాలంలో వెనక్కి వెళ్తోంది కాబట్టి కుదురుతుంది. దీవి వదిలి రాలేమన్న జంట వాళ్లే కాబట్టి ఇంకా బాగా కుదురుతుంది. అయిదో సీజన్ చివర ఆ ఇద్దరూ 1977లో అడవిలో గుడిసె వేసుకుని హాయిగా బతుకుతుంటారు. అది చూసి రూమంతా కేకలు. నిజంగానే అమెరికాలో ఎంతోమంది ఫ్యాన్స్‌ది కూడా అదే థియరీ అని మాకు తర్వాత తెలిసింది.

తీరా ఆరో సీజన్లో ఆ ఎముకలు ఎవరివో చూపించారు. రోజ్, బెర్నార్డ్‌లవి కావు. కథ ఎప్పుడో వందల ఏళ్ల కిందటి తల్లీకొడుకులవి. థియరీ పోయింది. బజ్జీలు వచ్చాయి.

ఇంకో రూమ్‌మేట్ మొదటి రోజే ఒక్క లైను రాసింది: ‘విమానం కూలినప్పుడే అందరూ పోయారు. ఇదంతా త్రిశంకు స్వర్గం.’ ఎలుగుబంటి ఎలా వచ్చిందే అంటే, “పోయాక ఏదైనా కనిపిస్తుంది” అనేది. చచ్చినవాళ్లకి పిల్లాడు ఎలా పుట్టాడే అంటే, “అక్కడ అంతే.” కొందరు దీవి దాటి ఇంటికెళ్లి, కోర్టు కేసులు కూడా ఎదుర్కొన్నారు కదే అంటే, “అదీ భ్రమే.” ఆరు సీజన్లలో ఆ పిల్ల ఒక్కసారి కూడా బజ్జీలు కొనలేదు.

అప్పుడు మాకు తెలివైన థియరీ అనిపించింది అదే. ఎప్పుడూ ఓడిపోదు మరి.

నెట్‌వర్క్ ఇష్యూ అయ్యుంటుంది

ఉద్యోగంలో చేరాక ఆ థియరీని మళ్లీ కలుసుకున్నా. ఈసారి దాని పేరు ‘నెట్‌వర్క్ ఇష్యూ’.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి తెలుసు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. అప్లికేషన్ పడిపోయింది. కాల్‌లో పదిమంది. ఎవరో ఒకరు అంటారు, “నెట్‌వర్క్ ఇష్యూ అయ్యుంటుంది.” స్లోగా ఉన్నా నెట్‌వర్కే, లాగిన్ కాకపోయినా నెట్‌వర్కే. అన్నిటికీ సరిపోతుంది కాబట్టి దాంతో మనం చేయగలిగింది ఏమీ ఉండదు. మళ్లీ కాఫీ తెచ్చుకోవడమే.

ఇంకొకరు అంటారు, “పదకొండున్నరకి కొత్త రిలీజ్ వెళ్లింది. అప్పట్నుంచే మెమరీ పెరుగుతోంది. పాత వెర్షన్ పెట్టి చూద్దాం. తగ్గకపోతే నా లెక్క తప్పు.” తగ్గదు. పది నిమిషాల్లో ఆ థియరీ పోతుంది. కానీ ఒక దారి మూసుకుంది, వెతకాల్సిన చోటు చిన్నదయింది. ఇలాంటి నాలుగు తప్పుల తర్వాతే బగ్ దొరుకుతుంది. మా డిటెక్టివ్ రోజ్-బెర్నార్డ్ థియరీ ఇలాంటిదే. ఎక్కడ ఓడిపోతుందో ముందే చెప్పి మరీ బరిలోకి దిగింది. దాని కోసం మేం పాత ఎపిసోడ్లు మళ్లీ చూశాం, అప్పటిదాకా పట్టించుకోని ఒక పెద్దవయసు జంటని శ్రద్ధగా చూశాం. తప్పయినా మాకు కొత్త కళ్లిచ్చింది.

ఆ రెండో థియరీ కథ మొత్తాన్ని మింగేసి, ఒక్క సీన్‌ని కూడా మళ్లీ చూడనివ్వలేదు.

సమాధానం తెర వెనకాల

ఫ్యాన్స్ థియరీలన్నిటికీ ఒకే నమ్మకం పునాది. మొదటి రోజే ఎవరికో అంతా తెలుసు, ప్రతి వస్తువూ లెక్క ప్రకారమే పెట్టారు అని. పాత కోడ్ చదివినవాళ్లకి ఈ నమ్మకం ఎంత అమాయకమో తెలుస్తుంది. ఒక వింత లైను చూసి దీని వెనక ఎంత ఆలోచనుందో అనుకుంటాం. హిస్టరీ తీస్తే, శుక్రవారం సాయంత్రం ఎవరో హడావుడిగా అతికించిన మాటు అని తెలుస్తుంది.

‘లాస్ట్’ కూడా అంతే. ముందు అనుకున్న ప్రకారం హీరో జాక్ మొదటి కథలోనే చచ్చిపోవాలి. చానెల్ వాళ్లు వద్దన్నారు. విలన్ బెన్‌గా వేసిన మైఖేల్ ఎమర్సన్‌ని తీసుకుంది మూడు ఎపిసోడ్లకే. ఆయన నటన చూసి కథకే మూలస్తంభం చేశారు. ఏకో పాత్ర హఠాత్తుగా చచ్చిపోవడానికి కారణం ఆ నటుడు వెళ్లిపోతానని అడగడం. ‘వాల్ట్ అనే పిల్లాడిలో ఉన్న శక్తి ఏంటి’ అనేది ఫ్యాన్స్‌ని ఏళ్లపాటు వేధించిన ప్రశ్న. కథలో మొదటి సీజన్ మొత్తం 44 రోజులే. కానీ షూటింగ్ ఏళ్లు సాగింది, ఆ పిల్లాడు చూస్తుండగానే ఎత్తు పెరిగిపోయాడు. చాలావరకు అందుకే కథలోంచి తప్పించాల్సి వచ్చింది. 2007లో రచయితల సమ్మె వచ్చి నాలుగో సీజన్ కుదించుకుపోయింది. అదే ఏడాది మేలో గానీ సిరీస్ ఎప్పుడు ముగియాలో చానెల్ తేల్చలేదు.

అంటే మోసపోయామా? నాకలా అనిపించలేదు. ఆ మనుషులు నాకు ఇంకా దగ్గరయ్యారు. రైలు నడుస్తుండగా పట్టాలు వేసిన పని అది. అయినా చాలా ముడులు విప్పారు.

చివరి ఎపిసోడ్ 2010 మే 23న వచ్చింది. అందులో జాక్ తండ్రి విడమరిచి చెప్తాడు: దీవిలో జరిగిందంతా నిజం, కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నీ తర్వాత చాలా కాలానికి పోయారు. ఆరో సీజన్లో పక్కగా నడిచిన ఇంకో కథ మాత్రమే చావు తర్వాతి చోటు. ఇంత స్పష్టంగా చెప్పినా చెడగొట్టింది చివరి పేర్లు. తర్వాతి వార్తలకి మెల్లగా మారేలా ఉంటుందని, చానెల్ వాళ్లు పేర్ల వెనక ఖాళీ తీరంలో విమాన శకలాల దృశ్యాలు పెట్టారు. చాలామంది దాన్నే సమాధానం అనుకున్నారు. అది కథలో భాగం కాదని చానెల్ తర్వాత చెప్పుకోవాల్సి వచ్చింది. ఆలస్యమైపోయింది.

నిజానికి ‘ఇది త్రిశంకు స్వర్గం కాదు’ అని డేమన్ లిండెలోఫ్, కార్ల్‌టన్ క్యూస్ ఏళ్ల తరబడి చెప్తూనే వచ్చారు. వాళ్లు కాదన్న కొద్దీ నమ్మేవాళ్ల నమ్మకం గట్టిపడింది: “కనిపెట్టేశాం కాబట్టే దాస్తున్నారు!”

ఏం జరిగితే ఒప్పుకుంటావు?

సిరీస్ గొడవ ఒక్కటే అయితే ఇంత రాయను. ఈ చివరి వాక్యం మీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కూడా చదివి ఉంటారు.

2021లో మా బాబాయి కోవిడ్ టీకా వేయించుకోనన్నాడు. ఆయన షుగర్ పేషెంట్. ఇంట్లో అందరికీ భయం. ఫార్వర్డ్‌లో వచ్చిన ఒక థియరీ ఆయన దగ్గరుంది, అన్నిటికీ సరిపోయేది. వేసుకున్నవాళ్లు బాగానే ఉన్నారంటే, “ఇప్పుడే తెలీదులే.” డాక్టర్లే వేసుకున్నారంటే, “వాళ్లకి వేరే మందు.” ప్రభుత్వం కాదంటోంది అంటే, “ఎందుకొప్పుకుంటారు?” నాకు మా హాస్టల్ రూమే గుర్తొచ్చింది. ఎదురుగా ఉన్నది మంచి మనిషి, తెలివైన మనిషి. ఆయన పట్టుకున్న థియరీకి తలుపుల్లేవు, అంతే.

“బాబాయ్, ఏం జరిగితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు?” అని అడిగా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నా తర్కానికి ఆయన మారిపోయాడని చెప్పను. ఏళ్లుగా ఊళ్లో అందరికీ తెలిసిన ఏఎన్ఎం ఆవిడ ఇంటికొచ్చి, మంచం పక్కన కూర్చుని, టీ తాగి, మాట్లాడి వేసి వెళ్లింది. మనిషి మీద నమ్మకమే పనిచేసింది. కానీ ఆ ప్రశ్న నాకు మిగిలింది. ఇప్పుడు ఏ వాదన విన్నా, నాది అయినా సరే, ముందు అదే అడుగుతా. జవాబు ఉంటే అది థియరీ. లేకపోతే కాలక్షేపం. ఒక్కోసారి ప్రమాదం కూడా.

అందుకే ‘అందరూ చచ్చిపోయారట కదా’ అంటే నాకంత మంట.

ఇప్పుడు సిరీస్ అయిన పది నిమిషాలకే ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ వీడియో వచ్చేస్తోంది. మన తప్పు థియరీ మనకి పుట్టేలోపే వేరేవాళ్ల జవాబు చేతిలో పడుతోంది. స్పాయిలర్లని లెక్కచేయకుండా ఇక్కడిదాకా చదివేసిన మొండివాళ్లకి ఒక మాట. నలుగురు కలిసి చూడండి. రోజుకి ఒక్కటే చూడండి. ధ్రువపు ఎలుగుబంటి ఆ దీవికి ఎలా వచ్చిందన్నదానికి సిరీస్‌లోనే జవాబుంది. నేను చెప్పను. ముందు మీరేం అనుకుంటున్నారో ఒక కాగితం మీద రాయండి, తేదీ వేసి.