ఆరు నెలలకొక సంతకం

ఎం.ఏ. ముగించి వెళ్ళినవాళ్ళు మళ్ళీ డిపార్టుమెంటు గడప తొక్కితే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏం చేస్తున్నావమ్మా?" రెండో ప్రశ్న గొంతు తగ్గించి అడుగుతారు: "ఎంత ఇస్తారు?" మొదటిదానికి నా జవాబు వినగానే ముఖాలు చిన్నబోతాయి. రెండోదానికి మళ్ళీ వెలుగుతాయి. గోడపత్రికకు ఏదైనా రాసిమ్మని మేడమ్ అడిగినప్పుడు కవిత ఇద్దామనే అనుకున్నాను. కానీ ఈ ఏడాది బయటికొచ్చే చెల్లెళ్ళకు నా కవిత కంటే నా లెక్కే ఎక్కువ పనికొస్తుందనిపించింది.

నా పని తెలుగు వినడం. నిజంగా అంతే. మిషన్లకు తెలుగు నేర్పడం కోసం ఎవరెవరో తమ ఫోన్లలో మాట్లాడి పంపిన ముక్కలుంటాయి. ఒక్కొక్కటి పది సెకన్లు. కంప్యూటరు ముందే ఏదో ఒకటి రాసి పెడుతుంది. మనం విని దాన్ని దిద్దాలి. కోడి కూస్తే "శబ్దం" అని గుర్తు పెట్టాలి, మనిషి నవ్వితే "నవ్వు" అని పెట్టాలి. రోజుకు 400 ముక్కలు. "మీ ఊరి వాతావరణం గురించి చెప్పండి" అన్న ఒక్క ప్రశ్నకే ఎన్ని వందల జవాబులు విన్నానో! ఎండలు ఎక్కువగా ఉన్నాయని అందరూ చెప్పారు. మొదటి నెల సరదాగానే ఉండింది. మూడో నెలకల్లా సాయంత్రం ఇంట్లో ఎవరైనా మాట్లాడితే మనసులోనే కామా, ఫుల్‌స్టాప్ పెట్టడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఒక ముసలామె గొంతు వచ్చింది. అచ్చం మా అవ్వ మాట. "సంతకు పోతా ఉండా" అంటోంది. మొదటి గడిలో విన్నది విన్నట్టు రాయాలి, రెండో గడిలో "సరైన రూపం" రాయాలి. మొదటి దాంట్లో "పోతా ఉండా" అని, రెండో దాంట్లో "వెళ్తున్నాను" అని కొట్టాను. మాండలికాల మీద మేడమ్ చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఆ ముక్కను నాలుగుసార్లు విన్నాను. టార్గెట్‌లో వెనకబడ్డాను కూడా.

ఇక జీతం. కాగితం మీద 34,000. పది శాతం టీడీఎస్ పోను చేతికి 30,600. (ఆ పట్టుకున్నది పోయినట్టు కాదు, రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. ఇది కూడా మనకు ఏ క్లాసులోనూ చెప్పరు.) నాయన సిప్‌కాట్‌లో పని చేస్తూ నడుం పట్టేసి రెండేళ్ళ కిందటే మానుకున్నాడు. కాబట్టి ఇంటికి 14,000, తమ్ముడి పాలిటెక్నిక్‌కు 4,000 ఇస్తాను. నా రైలు పాసు, తిండి, ఫోను కలిపి 3,600. మిగిలేది 9,000.

గుమ్మిడిపూండి నుంచి లోకల్‌లో మూర్ మార్కెట్, అక్కడ దిగి పార్క్ టౌన్‌కు నడక, మళ్ళీ వేళచ్చేరి రైలెక్కి తరమణి. పోనూ రానూ దాదాపు ఐదు గంటలు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు ఆ ఐదు గంటల్లోనే చదువుతున్నాను. ఈ పనికి ఒక గుణముంది, బుర్రను వాడుకోదు. సాయంత్రం దాన్ని వాడకుండానే తిరిగిచ్చేస్తుంది. అందుకే విసుగు ఒక్కటే కారణమైతే నేను మానను. నెలనెలా డబ్బొచ్చే విసుగును మా అమ్మ ఇరవై ఏళ్ళుగా కోరుకుంటోంది.

సలహాలకు కొదవ లేదు. మా పెదమామ "గవర్నమెంటు ఉద్యోగం కాకపోతేనేం, బంగారంలాంటి జీతం" అంటాడు. నాతో చదివిన ఒకమ్మాయి "నచ్చని పని ఎందుకు చేస్తావే, ఒక్కటే జీవితం" అంటుంది. ఆమె వాళ్ళ నాయనకు వేపేరిలో రెండిళ్ళు బాడుగకున్నాయి. మంచిపిల్లే, తప్పు పట్టడం లేదు.

నన్ను ఆలోచనలో పడేసింది మా వరసలో కూర్చునే ఒక అక్క సంగతి. మాలో అందరికంటే తప్పులు తక్కువ ఆమెకే. ఆమెకు ఏడో నెల నడుస్తుండగా కాంట్రాక్టు గడువు తీరింది. మా అందరికీ కొత్త కాగితాలు వచ్చాయి, ఆమెకు రాలేదు. ప్రాజెక్టు అవసరాలు మారాయన్నారు. 2017 సవరణ తర్వాత చట్టంలో 26 వారాల ప్రసూతి సెలవుంది, జీతంతో. అది ఉద్యోగినులకు. మా కాగితం మీద మేము ఉద్యోగినులం కాము, "కన్సల్టెంట్లం". పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, రాకపోతే ఆ రోజు డబ్బు లేదు. ఆ అక్క హెడ్‌ఫోన్ తుడిచి డ్రాయర్‌లో పెట్టి వెళ్ళింది. సోమవారం ఆ కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుంది. ఆమెకు నేనే పని నేర్పాను.

ఆ రాత్రి రైల్లో నోటుబుక్కు వెనక పేజీలో లెక్క వేశాను. జీతం లేకపోతే ఇంటికీ తమ్ముడికీ నెలకు 18,000 కావాలి. ఒక్కో ఆరు నెలల కాంట్రాక్టులో నాకు మిగిలేది 54,000. అంటే ఒక సంతకం పెడితే మూడు నెలల చదువు కొనుక్కోవచ్చు. మొదటి రెండు సంతకాలూ నాయన వైద్యానికి చేసిన అప్పుకు పోయాయి. మూడోది బ్యాంకులో ఉంది. నాలుగోది కూడా చేరితే ఆరు నెలలు.

ఆరు నెలలు ఎందుకంటే, నెట్. ఏడాదికి రెండుసార్లు పెడతారు. జేఆర్ఎఫ్ వచ్చి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 ఇస్తారు, 2023 నుంచి అంతే. అంటే నా ఇప్పటి జీతం కంటే ఎక్కువ! అయితే అది వచ్చేది కొందరికే. ఉత్త నెట్ మాత్రమే వస్తే మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి. నేను వాకబు చేసిన రెండు కాలేజీల్లో గెస్టు లెక్చరరుకు 18,000 చెప్పారు, అదీ సెలవులు తీసేసి పది నెలలకే. ఈ రాష్ట్రంలో తెలుగు పోస్టులెన్నో మీకూ తెలుసు. ఇదంతా తెలిసే అనుకుంటున్నాను.

మొన్న జూన్‌లో నాలుగో సంతకం పెట్టాను. ఐదోది పెట్టను. ఈసారి శనివారం ఓవర్‌టైము మాత్రం వద్దని రాసిచ్చాను. హెచ్.ఆర్. అమ్మాయి వింతగా చూసింది, ఒప్పుకుంది.

పరిశోధనకు ఏ విషయం తీసుకుంటావని మేడమ్ అప్పుడే అడుగుతున్నారు. మా ఊరి చుట్టుపక్కల మాట మీద చేస్తానన్నాను. ఇంట్లో ఇప్పటిదాకా అవ్వకు మాత్రమే చెప్పాను. "పోతా ఉండావా, మానుకుంటా ఉండావా, ఒకటి చెప్పు మే" అంది. డిసెంబరులో మానుకుంటా ఉండానవ్వా అన్నాను. నాయనకు ఇంకా చెప్పలేదు. తమ్ముడి సెమిస్టరు ఫీజు కట్టిన రోజు చెబుతాను.