నా పైన్ చెట్టు, నా మొదటి ఉత్తరం

ఈసారి వంట గురించి కాదు, పండుగ గురించి కాదు. ఒక బోన్సాయ్ గురించి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను.

ఈ చెట్టు నిజానికి నాది కాదు. మా గుడిలో నాతో సేవ చేసిన ఒక పెద్దాయనది. ఆయనకు 86 ఏళ్ళు. నేను బాబాయిగారూ అంటాను. నాకు 64 వచ్చినా ఆయన నన్ను "అమ్మాయ్" అనే పిలుస్తారు. శనివారాలు ఇద్దరం కూర్చుని పులిహోర పొట్లాలు కట్టేవాళ్ళం. రెండేళ్ళ క్రితం ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ అపార్ట్‌మెంట్, బయట జాగా లేదు. పైన్ ఇంట్లో బతకదు. దానికి ఎండ, గాలి, చలికాలం కావాలి. అందుకే నాకిచ్చారు.

ఇది జపాన్ బ్లాక్ పైన్. ఎత్తు రెండడుగులు కూడా ఉండదు. ఆకులు సూదుల్లా, జంటలుగా ఉంటాయి. పైన్‌కి తెలుగు మాట వెతికాను. కొందరు దేవదారు అంటారు, కానీ అది వేరే చెట్టు. తర్వాత "సరళ వృక్షం" అని దొరికింది. సరళం అంటే తిన్ననిది, సులువైనది. నా చెట్టు తిన్నగానూ లేదు, సులువుగానూ లేదు!

బాబాయిగారు నేర్పిన పని ఇది. వసంతంలో కొమ్మల చివర కొవ్వొత్తుల్లాంటి చిగుళ్ళు వస్తాయి. జూన్‌లో వాటిని మొదలు దాకా కత్తిరించాలి. మొదటిసారి నా చెయ్యి వణికింది. ఇంత మంచి చిగుళ్ళు తీసెయ్యడమా? కానీ చెట్టు మళ్ళీ చిగురిస్తుంది. ఈ రెండో చిగుళ్ళకు పెరగడానికి తక్కువ రోజులే ఉంటాయి, కాబట్టి ఆకులు పొట్టిగా వస్తాయి. నీరసంగా ఉన్న చెట్టుకి మాత్రం ఇలా చెయ్యకూడదు. ఆకురాలే కాలంలో పాత ఆకులు పీకాలి, ఒక్కో చోట రెండు రెమ్మలే ఉంచాలి. అప్పుడు లోపలి కొమ్మలకు వెలుతురు అందుతుంది. ఆ తర్వాత తీగ చుట్టి కొమ్మలు వంచాలి.

చెట్టు తీసుకున్న రోజు నేను సామెత చెప్పాను: "మొక్కై వంగనిది మానై వంగునా?" ఆయన నవ్వారు. "వంగుతుందమ్మాయ్. ఏడాదికి కొంచెం."

ఆ "కొంచెం" నేను మర్చిపోయాను. డిసెంబరులో ఆయన పుట్టినరోజుకి మంచి ఫోటో పంపాలనుకున్నాను. కింది కొమ్మ బొటనవేలంత లావు. రాగి తీగ చుట్టి, ఒకేసారి కిందికి వంచాను. ఫట్‌మని చప్పుడైంది.

తర్వాత ఫోన్‌లో ఆయన అడిగారు, "చెట్టెలా ఉందమ్మాయ్?" "బాగుంది బాబాయిగారూ" అన్నాను. మూడు వారాలు అలాగే అన్నాను.

ఒక రోజు మనసు బాగోక వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్బొరేటమ్‌కి వెళ్ళాను. అక్కడ బోన్సాయ్ మ్యూజియంలో ఒక వైట్ పైన్ ఉంది. 1625 నుంచి పెంచుతున్న చెట్టు. 1945లో హిరోషిమా బాంబు పడినప్పుడు అది ఆ ఊళ్ళోనే ఉంది, బతికింది. 1976లో యమాకి కుటుంబం దాన్ని అమెరికాకి ఇచ్చింది. బాంబు సంగతి మ్యూజియం వాళ్ళకి తెలిసింది 2001లో, మనవలు చూడటానికి వచ్చినప్పుడు. ఆ చెట్టు ముందు నిలబడి సిగ్గుపడ్డాను. వాళ్ళు చెప్పుకోనిది ఎంత పెద్ద సంగతి! నేను దాస్తున్నది ఒక అబద్ధం.

బాబాయిగారికి ఫోన్‌లో సరిగ్గా వినపడదు. ఉత్తరం రాయాలి, తెలుగులో. నేను హైదరాబాద్‌లో చదువుకున్నా ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. మొదట "కొమ్మ విరిగింది" అని రాశాను. చదువుకుంటే, దానంతట అదే విరిగినట్టుంది. కొట్టేసి "కొమ్మ విరిచాను. మీకు అబద్ధం చెప్పాను" అని రాశాను.

వారానికి జవాబు వచ్చింది.

"అమ్మాయ్, కొమ్మ మొత్తం కోసెయ్యకు. పొడుగ్గా మోడు ఉంచి బెరడు ఒలిచెయ్యి. ఎండి తెల్లబడుతుంది. జపాన్ వాళ్ళు దాన్ని జిన్ అంటారు. వచ్చే జూన్‌లో చిగుళ్ళు కత్తిరించకు, చెట్టుకి విశ్రాంతి ఇవ్వు. వెనక వైపు ఒక తెల్ల మోడు ఉంది చూశావా? అది 1998లో నేను విరిచింది. నాదీ తొందరే. ఇంకో మాట. కొమ్మకి మ వత్తు ఉండాలి. నువ్వు అన్ని చోట్లా మర్చిపోయావు."

ఆ తెల్ల మోడుని నేను రెండేళ్ళుగా చూస్తున్నాను. ఎండకీ గాలికీ అలా అయిందనుకున్నాను.

ఇప్పుడు చెట్టుకి రెండు మోళ్ళు. ఒకటి ఆయనది, ఒకటి నాది. పుట్టినరోజు ఫోటో ఆలస్యంగా, మోడుతో సహా పంపాను.

ఈ వారం మాటలు: విరుగు, విరుచు. పగులు, పగలగొట్టు. చిరుగు, చించు. మొదటిది దానంతట అదే అవుతుంది, రెండోది మనం చేస్తాం. మీరు చేసిన ఒక పని గురించి రెండో రకం మాటతో ఒక వాక్యం రాయండి. వత్తులు చూసుకోండి!